మూడో దారం

ఆరేళ్లు నేను ఒక బరువు మోశాను. ఇలా మొదలుపెడితే మీరు ఏదో బండరాయిని ఊహించుకుంటారని తెలుసు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. అది జానెడు పట్టు దారం. ఎర్రది. ఒక చివర గ్రీజు మరక. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఏ కాటా మీద పెట్టినా ముల్లు కదలదు. నా పర్సులో, డ్రైవింగ్ లైసెన్సు వెనక పెట్టుకున్నాను. పర్సు తెరిస్తే ముందు లైసెన్సు మీది నా ఫోటో, దాని వెనక దారం. రెండింట్లో ఏది చూసినా సిగ్గుగానే ఉండేది. ఫోటో సంగతి వదిలేయండి, దానికి నేను బాధ్యుణ్ణి కాను.

పేరు చెప్పను. మాది హిందూపురం. నాయనకు స్టీలు పాత్రల అంగడి. ఊళ్లో నాకు ఒకే ఒక్క పేరుంది, జోకులేసేవాడని. ఎవరింట్లో గొడవైనా, ఎవరు ఎంత గంభీరంగా మొహం పెట్టినా, అక్కడ గాలి తీసేసే పని నాది. ఎవరూ అప్పగించలేదు. నేనే తీసుకున్నాను. ఇప్పుడు చెప్పబోయే సంగతిని కూడా మధ్యమధ్యలో నవ్వులాటలోకి లాగబోతాను. అలవాటు. మీరు దాన్ని పట్టించుకోకుండా వినండి. తప్పు మాత్రం నిజమైనది.

ముందు కారు గురించి చెప్పాలి. అది నాకంటే రెండేళ్లు చిన్నది, అంటే నేను కొన్ననాటికే దానికి ఇరవై. జపాన్‌లో పుట్టి, ఎవరి సరదాకో బెంగళూరు చేరి, ఆ సరదా తీరాక ఇంకో ముగ్గురి చేతులు మారి, చివరికి మా అంగడి ముందు ఆగింది. రెండే తలుపులు. ఎర్ర రంగు, బానెట్ మీద మాత్రం ఎండకు వెలిసి గులాబీ. వెనక సీటులో రెండు కొబ్బరికాయలు కూర్చోవచ్చు, అవి కూడా పీచు తీసినవైతే. నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమబ్బా, ఇద్దరు పట్టేదానికి ఇంత మూతి ఏంటికి?" అన్నాడు.

ఆ మూతిలోనే ఉంది అసలు సంగతి. టర్బో. ఇంజిన్ వదిలేసే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం అవతలి కొసన ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తిపట్టి మళ్లీ ఇంజిన్‌కే తాగిస్తుంది. వదిలేసిన ఊపిరితోనే కొత్త ఊపిరి తెచ్చుకునే యంత్రం. నెమ్మదిగా పోయేటప్పుడు ఏమీ తెలియదు, మామూలు కారే. ఇంజిన్ వేగం చూపే ముల్లు మూడు వేలు దాటగానే బానెట్ కింద సన్నని ఈల లేస్తుంది. ఆ వెంటనే ఎవరో వీపు మీద రెండు చేతులు పెట్టి తోసినట్టు సీటు మనల్ని ముందుకు విసురుతుంది. దేని మీదా జోకు వేయకుండా ఉండలేని నేను, ఆ ఈల వినపడినప్పుడు మాత్రం నోరు మూసుకునేవాణ్ణి.

ఒక ఆదివారం పెనుకొండ దగ్గర హైవే మీద ఆ ఈల ఆగిపోయింది. తొక్కితే ఒక కుదుపు, వెనక నల్లటి పొగ, తర్వాత ఉబ్బసం మనిషిలా ఆయాసం. కొత్త కార్లు పుట్టే ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో నా పాత కారు ప్రాణం వదలబోయింది. పక్కనుంచి ట్రక్కుల మీద, ప్లాస్టిక్ కాగితం కూడా ఒలవని కొత్త కార్లు వరసగా పోతున్నాయి. ప్రసూతి ఆసుపత్రి గేటు ముందు గుండెపోటు వచ్చినట్టుంది నా పరిస్థితి.

ఇంజిన్ చల్లారితే కారు బాగానే ఉండేది. ఇరవై కిలోమీటర్లు నడిచి వేడెక్కాక మళ్లీ అదే ఆయాసం. హిందూపురంలో ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. ఇంకొకరు పెట్రోలు ట్యాంకు కడిగారు. మూడో ఆయన బానెట్ తెరిచి, కాసేపు చూసి, మూసేసి, "ఎవరికన్నా అమ్మేయప్పా" అన్నాడు. బెంగళూరు గ్యారేజీ వాళ్లు కారును చూడకుండానే ఫోనులో టర్బో పోయిందని తేల్చేశారు. చివరికి పెనుకొండ టీకొట్టు దగ్గర, బోర్లు వేసే రిగ్గు లారీ నడిపే ఒకాయన నా గోడు విని, "మా బండ్ల టర్బోలన్నీ ధర్మవరంలో నారాయణప్ప చూస్తాడు. ఆడికి పో" అన్నాడు.

అలా పోయాను ఆయన దగ్గరికి. ఇప్పుడు నేను ఆయన్ని పొగుడుతాను. తప్పు చేసినవాడు పొగిడితే లంచంలా ఉంటుందని తెలుసు. అయినా ఆ మనిషిని మీరు సరిగ్గా చూడకపోతే నేను చేసిందేమిటో మీకు అర్థం కాదు.

నారాయణప్పకు అప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. తాడిమర్రి వైపు సేద్యగాళ్ల కుటుంబం. వాళ్ల చేనులో బోరు వేస్తే నీళ్లు పడలేదు గానీ, వేయడానికి వచ్చిన రిగ్గు ఇంజిన్ మీద ఈయన కన్ను పడిందట. వేరుశనగ వదిలేసి ఆ లారీ వెంట పోయి, పదేళ్ల తర్వాత తిరిగొచ్చి, ధర్మవరంలో తాడిమర్రి రోడ్డు పక్కన షెడ్డు వేశాడు. షెడ్డును ఆనుకుని ఇల్లు, ఇంట్లో భార్య సుబ్బమ్మ మగ్గం. ఇటు స్పానర్ల చప్పుడు, అటు మగ్గం చప్పుడు. తెల్లచొక్కాతో పనిచేసే మెకానిక్‌ను నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. సాయంత్రానికి కూడా ఆ చొక్కా మీద మరక ఉండేది కాదు. నేను అన్నం తింటేనే పడుతుంది.

ఆయన నా కారును గంటసేపు ముట్టుకోలేదు. రబ్బరు గొట్టం ముక్క ఒకటి తీసి, ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో ఇంజిన్ అంతా తిరిగాడు. డాక్టర్ పరీక్ష చేస్తుంటే రోగి బంధువులా పక్కనే నిలబడ్డాను. "టర్బో బాగుండాది. గాలి యాడో కారిపోతాంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీది పాత్రల అంగడి గదా? ఈ పైపు మూతికి అతికేటట్టు ఒక గ్లాసు తేగలవా?" అని అడిగాడు.

పరాచికం అనుకున్నాను. కాదు. ఆ వారం మా అంగడిలో పైపు కొలత పట్టుకుని గ్లాసులు వెతికాను. ఏడు గ్లాసులు వెనక సీటులో పేర్చుకుని ధర్మవరం పోయాను. ఆ సీటు నిండడం అదే మొదటిసారి. పొడవాటి మజ్జిగ గ్లాసు అచ్చంగా అతికింది. దాని అడుగున బెజ్జం చేసి టైరు వాల్వు బిగించాడు. గ్లాసును టర్బోకు గాలి పోయే పైపులో దూర్చి, పంచర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో లోపలికి గాలి ఎక్కించి, గొట్టాల మీద సబ్బునురగ పూశాడు. ఎక్కడైనా బుడగ లేస్తే అక్కడే చిల్లు. ఒక్క బుడగ లేవలేదు. నేను అప్పుడే ఒక జోకు సిద్ధం చేసుకుంటున్నాను. "తాడిమర్రి దాకా పోయి రా. బాగా తొక్కు" అన్నాడు. పోయి వచ్చాను. పొగలు కక్కుతున్న ఇంజిన్‌కు మళ్లీ అదే గ్లాసు, అదే నురగ. ఈసారి ఒక గొట్టం అడుగున, ఏ కంటికీ ఆనని చోట, చిన్న అద్దం పెట్టి చూపించాడు. పసిబిడ్డ పెదవి మీది నురగలా బుడగలు. గోరంత పగులు.

"చూస్తివా? సల్లగా ఉన్నెప్పుడు నోరు మూసుకుంటాది. కాక ఎక్కితే నిజం చెప్పేస్తాది" అన్నాడు.

రెండు ఊళ్లలో ఎవరికీ దొరకని జబ్బును మజ్జిగ గ్లాసుతో పట్టుకున్నాడు. ఆ రోజు నేను ఆయన ముందు మనసులో చెప్పులు విప్పాను. నిజంగా విప్పి ఉంటే కాళ్లు కాలేవి, నేలంతా వేడి నూనె.

ఇక దారం సంగతి. గొట్టం మార్చేటప్పుడు మిగతావి కూడా విప్పి కడగాలన్నాడు. విప్పిన ప్రతి మూతిలో, దుమ్ము గాని నట్టు గాని పడకుండా, శుభ్రమైన గుడ్డ కుక్కాడు. ఇది అందరు మెకానిక్‌లూ చేసేదే. అందరూ చేయనిది తర్వాత చేశాడు. గుడ్డ ఒకటి కుక్కగానే లోపలికి పోయి, సుబ్బమ్మ మగ్గం దగ్గర తెగిపడిన ఎర్ర పట్టు దారం ముక్క తెచ్చి, స్టీరింగ్ పక్కన ఇండికేటర్ కాడకు ఒక ముడి వేశాడు. గుడ్డకొక దారం. మూడు గుడ్డలు, మూడు దారాలు. గుడ్డ తీసిన వెంటనే బ్లేడుతో ఆ దారం కోస్తాడు. కాడ మీద ఒక్క దారం మిగిలి ఉన్నా తాళం ముట్టకూడదు. ముడి కూడా నేతగాళ్ల ముడి, భార్య దగ్గర నేర్చుకున్నది. సన్నగా, ఒత్తుగా, కొసలు కనపడకుండా.

"ఇదంతా ఏంటికి మామా, గుర్తుండదా?" అని అడిగాను.

"మా నాయనకు కడాన మతి పోయింది. నన్ను చూసి, ఎవురప్పా నువ్వు, ఏ ఊరు, అనె. నాకు నా తలకాయ మింద నమ్మకం లేదు. దారం మింద ఉండాది" అన్నాడు.

అది విని నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆయన నవ్వులో కొంచెం భయం ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు కనపడలేదా, చూడలేదా? చూడలేదు. ఎదుటివాళ్ల భయం కనపడితే నాకు జోకు కుదరదు.

తర్వాతి వారం మళ్లీ పోయాను. కొత్త గొట్టం వచ్చింది. రెండు గుడ్డలు నా కళ్ల ముందే తీశాడు, రెండు దారాలు కోశాడు. మూడోది టర్బో మూతిలో ఉంది. అది ఇంజిన్ వెనక, అడుగున ఉండే చోటు. కన్ను పోదు, చేత్తో తడిమి బిగించాల్సిందే. గుడ్డను రెండు వేళ్ల లోతున కుక్కాడు. ఆ పైపు క్లాంపు విరిగిపోయి ఉంటే కొత్తది తేవడానికి మోపెడ్ మీద ఊళ్లోకి పోయాడు. మిట్టమధ్యాహ్నం. షెడ్డులో నేను, కారు.

నాకు ఫోటో తీయాలనిపించింది.

అంతే. ఇంతకంటే పెద్ద కారణం చెప్పగలిగితే బాగుండేది. పగ, అసూయ, ఏదో ఒకటి. ఏదీ లేదు. బాగైన కారు, తలుపులోంచి పడుతున్న ఎండ, తుడిచిన స్టీరింగ్. ఫోనులో చూస్తే స్టీరింగ్ పక్కన గ్రీజు అంటిన దారం ఒకటి వేలాడుతోంది. మొక్కుబడి కట్టినట్టు. స్పోర్ట్స్ కారుకు బాగాలేదు. ముడి విప్పనక్కర లేకుండానే కాడ మీదనుంచి జరిపి లాగాను, వచ్చేసింది. చొక్కా జేబులో వేసుకున్నాను. తీశాక మళ్లీ పెట్టేద్దామనే. నాలుగైదు ఫోటోలు తీశాను. అందులో ఒకటి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. ఇంతలో సుబ్బమ్మత్త లోపలినుంచి, "రా నాయనా, సంగటి చల్లారిపోతాంది" అని పిలిచింది. పోయాను. రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ. రెండో ముద్ద కూడా అడిగి పెట్టించుకున్నాను. దారం జేబులోనే ఉంది.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నారాయణప్ప కారు తలుపు దగ్గర నిలబడి కాడ వైపు చూస్తున్నాడు. ఎంతసేపు? ఒక్క నిమిషం కూడా కాదు. తల ఒకసారి విదిల్చి, పోయి పైపు బిగించాడు. "కూచో. తాళం తిప్పు" అన్నాడు.

ఇక్కడ నన్ను నేను ఎన్నిసార్లు నిలదీశానో లెక్కలేదు. సీటులో కూర్చున్నాక ఖాళీ కాడ నా కళ్ల ముందే ఉంది. నాకు గుర్తు రాలేదా? సంగటి మత్తా? ఈల వినాలనే ఆత్రమా? లేక ఆయన వచ్చి చూశాడు కదా, ఆయనకు తెలియకుండా ఉంటుందా అని లోపల ఎక్కడో ఒక సోమరి నమ్మకం, ఎదుటివాడి జాగ్రత్త మీద మన అజాగ్రత్తను ఆరేసే రకం నమ్మకం, అది నా చేత తాళం తిప్పించిందా? ఆరేళ్ల తర్వాత కూడా ప్రమాణం చేసి చెప్పలేను. తిప్పాను. అది మాత్రం చెప్పగలను.

ఇంజిన్ మొదలైంది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కొంచెం తడబడింది. "తొక్కు" అన్నాడు. తొక్కాను. ఈల లేచింది, గొంతు పట్టేసినట్టు ఆగింది. ఆ వెంటనే మా అంగడిలో స్టీలు ప్లేట్ల దొంతర పైనుంచి కింద పడితే ఎలా ఉంటుందో ఆ చప్పుడు. అటు మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది.

విప్పి చూస్తే టర్బో చక్రం రెక్కలు తునకలు. రెక్కల సందుల్లో గుడ్డ పీలికలు.

నారాయణప్ప ఒక పీలికను రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నాడు. తెల్లచొక్కా మీద మొదటిసారి మరక చూశాను.

"దారం నువ్వేమన్నా తీసినావా అప్పా?"

అడిగిన తీరులో అనుమానం లేదు. నిందా లేదు. తీశానని చెప్పమని బతిమాలుతున్నట్టుంది. అది నాకు అప్పుడే అర్థమైంది. నా చెయ్యి జేబు మీద ఉంది. దారం చొక్కా గుడ్డ లోంచి వేళ్లకు తగులుతోంది.

"లేదు మామా."

"మల్ల నాకు రెండే కోసినట్టు గుర్తుండాది గదప్పా. వచ్చి చూస్తే కాడ మింద ఒగటీ లేదు. నేనే కోసి మర్చిపోయినానేమో అనుకుంటి. దారం తప్పు చెప్పదు. తప్పితే నా తలకాయే తప్పి ఉండాల." కొంచెం ఆగి, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు. "మా నాయనకూ ఇట్లనే మొదులాయె."

అప్పుడు చెప్పి ఉంటే? తిట్టేవాడు. బహుశా రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. అంతే. అది తెలిసి కూడా నోరు తెరవలేదు. ఎందుకు? ఆయనంటే భయం కాదు. అందరి పొరపాట్లకూ నవ్వేవాణ్ణి నేను. నా పొరపాటుకు నవ్వేవాళ్లు ఉంటారనే ఊహే నాకు కొత్త.

ఆ తర్వాత మూడు నెలలు ఆయన నా కారు మీదే పనిచేశాడు. ఎక్కడెక్కడో తిరిగి పాత టర్బో ఒకటి సంపాదించాడు. తునకలు ఇంజిన్‌లోకి పోయి ఉంటాయని మొత్తం విప్పి, పురిటిబిడ్డకు స్నానం చేయించినట్టు ఒక్కొక్క ముక్కా కడిగి బిగించాడు. నా దగ్గర పైసా తీసుకోలేదు. "నా తప్పు" అన్నాడు. ఆ రెండు మాటలకు నేను తలూపాను. తలూపడం కూడా ఒక అబద్ధమేనని అప్పుడు తెలియలేదు. కారు మునుపటి కంటే బాగా తయారైంది. ఈల ఇంకా సన్నగా, ఇంకా తీయగా. ఈ రోజుకీ ఆ కారు ఎక్కి తొక్కినప్పుడల్లా నన్ను ముందుకు తోసేది ఆయన చేయని తప్పుకు ఆయన చేసిన ప్రాయశ్చిత్తమే. నేను ఎర్ర కారులో తిరగడం ఊరంతా చూసేది. దేని మీద తిరుగుతున్నానో నాకొక్కడికే తెలుసు.

ఇంతటితో ఆగి ఉంటే నేను మామూలు పిరికివాణ్ణి. ఇంకొకటి ఉంది.

హిందూపురంలో మేం కూర్చునే టీకొట్టు బెంచీ మీద ఒకరోజు, కారుకు ఏమైందని ఎవరో అడిగారు. నోటికి వచ్చేసింది. "ఏం లేదబ్బా, ధర్మవరం డాక్టరు ఆపరేషన్ చేసి కడుపులో టవలు మర్చిపోయినాడు" అన్నాను. బెంచీ కదిలిపోయింది. ఒకడికి టీ ముక్కులోకి పోయింది. జోకు బాగా పేలిందంటే అది మన చేతిలో ఉండదు. పెనుకొండ పోయింది. రిగ్గు లారీలెక్కి ధర్మవరం పోయింది. పోయేకొద్దీ పేరు మార్చుకుంది. టవలు డాక్టరు అని, తర్వాత మతిమరుపు మామ అని. లారీలు రావడం తగ్గింది. ఆయనే తగ్గించాడని కొందరు, వాళ్లే మానేశారని కొందరు. ఏడాది తిరిగేసరికి నారాయణప్ప ఇంజిన్ ముట్టడం మానేశాడు. చక్రాలకు గాలి, పంచర్లు, అంతే. రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని ఇంజిన్ గుండె వినే మనిషి, సైకిల్ ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూసుకుంటూ కూర్చున్నాడు.

నేను అప్పుడప్పుడు గాలి పెట్టించుకోవడానికి పోయేవాణ్ణి. హిందూపురంలో గాలి దొరక్క కాదు. ఎందుకు పోయేవాణ్ణి? చూడ్డానికా? చూపించుకోవడానికా? పోయిన ప్రతిసారీ కారు ఎట్లుందని అడిగేవాడు. "బ్రహ్మాండంగా ఉంది మామా" అనేవాణ్ణి. తల పంకించేవాడు. బానెట్ ఎత్తమనేవాడు కాదు.

మొన్న పోయినప్పుడు ఆయన లేడు. సుబ్బమ్మత్త మంచినీళ్లు ఇవ్వడానికి లోపలికి పిలిచింది. వంటింట్లో స్టవ్ మీట మీద ఎర్ర దారం. మోటారు స్విచ్చు మీద దారం. పెరటి తలుపు గొళ్లేనికి దారం. చూసి నిలబడిపోయాను.

"పొయ్యి ముట్టిస్తే కడతాడు, ఆర్పితే కోస్తాడు నాయనా. మోటారు వేస్తే కడతాడు" అంది ఆమె. "ఏదీ మరిసిపోలే ఈ ఆరేండ్లలో. ఒగటి గూడా మరిసిపోలే. అయినా కడతానే ఉంటాడు. మరిసిపోయేది ఎప్పుడొస్తాదా అని ఎదురుచూస్తాండాడు మనిషి."

గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. ఆ రోజు పెనుకొండ దాకా నా నోట ఒక్క జోకూ రాలేదు. కారులో నేనొక్కణ్ణే అనుకోండి. అయినా సాధారణంగా వస్తుంది.

పదిరోజులు పట్టింది నాకు. మళ్లీ పోయాను. ఉదయం పూట. షెడ్డు ముందు సైకిల్ ట్యూబుకు ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. నిలబడే చెప్పాను. ఫోటో అని, జేబు అని, సంగటి అని, తాళం అని. వరస తప్పింది, మధ్యలో ఒకసారి వెనక్కి పోయి మళ్లీ చెప్పాను. పర్సులోంచి దారం తీసి ఇచ్చాను.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని గోటితో ముడి వెతికాడు. బ్లేడు తగలని దారం. విప్పని ముడి.

"నా ముడే" అన్నాడు.

దారాన్ని వెలుతురుకేసి ఎత్తి ఇంకోసారి చూశాడు.

"నేను కోసింది రెండే."

"రెండే మామా."

"రెండే" అన్నాడు మళ్లీ, నాకు కాదు. లోపలికి తిరిగి గట్టిగా, "సుబ్బమ్మా, నేను కోసింది రెండేనంట" అన్నాడు. మగ్గం ఆగింది. ఆమె ఏడుస్తోందో, నన్ను తిట్టడానికి మాట వెతుక్కుంటోందో గోడ ఇవతలినుంచి తెలియలేదు. రెండింటికీ సమానంగా తయారై నిలబడ్డాను.

"ఆ టవలు డాక్టరు మాట కూడా నాదే మామా" అన్నాను. మొదలుపెట్టాక సగం దాచుకోవడం ఎందుకు?

"అది నీదని అప్పుడే తెలుసు" అన్నాడు నారాయణప్ప. "బాగనే ఉండాదిలే మాట అనుకుంటి. నిజమే గదా అనుకుంటి."

క్షమించాననలేదు. పరవాలేదనీ అనలేదు. తిట్టినా బాగుండేది, తిట్టు చేతికి అందేది. దారాన్ని మడిచి చొక్కా జేబులో వేసుకుని, ట్యూబు మీద ఉప్పుకాగితం మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. "పో అప్పా" అన్నాడు. ఆయన ఎప్పుడూ పోయి రా అనేవాడు. ఆ రెండో మాట నాకు ఇక లేదు. ఉండాలని అడిగే హక్కూ లేదు.

ఆయన మళ్లీ బానెట్ ఎత్తుతాడో లేదో నాకు తెలియదు. వంటింట్లో దారాలు కోసేశాడో లేదో తెలియదు. ఆరేళ్లు ఒక మనిషిని తన తలకాయ మీదే అనుమానంతో బతికించాను. తిరిగి ఇచ్చింది జానెడు దారం. ఇది సరిపోయిందని ఎవరైనా అంటే నమ్మను.

తిరుగుదారిలో హిందూపురంలో టీకొట్టు దగ్గర ఆగాను. అదే బెంచీ. దాదాపు వాళ్లే మనుషులు, పొట్టలు మాత్రం పెరిగాయి. నేను రాగానే ఒకడు జరిగి చోటిచ్చి, "ఏమప్పా, ధర్మవరం పోయింటివా? టవలు దొరికిందా?" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు, ఇప్పుడు ఏమంటానో అని మొహాలు ముందే విప్పుకుని.

చెప్పాను. మొత్తం. గుడ్డ ఆయన మర్చిపోలేదని, గుర్తు తీసేసింది నేనని, లేదన్నది నేనని, జోకు వేసిందీ నేనేనని. టీ చల్లారేదాకా చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. ఒకాయన గ్లాసు పెట్టేసి లేచి వెళ్లిపోయాడు. ఇంకొకడు నేల చూశాడు. నాకు తెలిసి నా మాటకు ఆ బెంచీ నవ్వకపోవడం అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దంలో, ఎన్నాళ్లుగానో ఎక్కడో కారిపోతున్న గాలి ఇప్పుడు సరిగ్గా లోపలికి పోయినట్టు, ఒక్క ఊపిరి పూర్తిగా తీసుకున్నాను.